పాలసీలో నీ పేరు

సుజాతా,

ఇవాళ నా పాలసీలోంచి నీ పేరు తీయించాను. నువ్వు పోయినప్పుడే చేయాల్సిన పని. ఏటా ప్రీమియం కట్టడానికి వెళ్లినప్పుడల్లా అనుకునేవాణ్ణి, చేతులు రాలేదు. నేను పోతే డబ్బు నీకే అందాలని అందులో అలాగే ఉండిపోయింది.

పోయిన వారం పంజాగుట్టలోని ఆస్పత్రిలో నా కడుపులో ఉన్నది క్యాన్సరని, త్వరగా ఆపరేషన్ చేయాలని చెప్పారు. అప్పటినుంచి ముద్ద మింగాలన్నా భయంగా ఉంది. మన మమతకు మాత్రం అల్సర్ అని, మందులతో తగ్గుతుందని చెప్పాను. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చేస్తోంది. అది పూర్తయ్యేదాకా తెలియకూడదనుకున్నాను.

నీ పేరు స్థానంలో దాని పేరు రాయించాలి. క్లాసు అయ్యాక మైత్రీవనం దగ్గర కలుసుకుని ఇద్దరం పాలసీ ఆఫీసుకు వెళ్లాం.

కౌంటర్లో ఉన్నాయన కాగితాలు చూసి నవ్వాడు. "ఇన్నేండ్లు ఊకున్నవ్, ఇప్పుడేం జల్దొచ్చిందే అన్నా? తబియత్ మంచిగుందా?"

మమతే అందుకుంది.

"ఆపరేషన్ కాంగనే మంచిగైతడు సార్. మీరు జర పేరు సక్కగ రాయుండ్రి."

ఆపరేషన్ సంగతి నేను దానికి చెప్పలేదు.

బయటికి వచ్చాక ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. రోడ్డు దాటబోతుంటే నా చెయ్యి పట్టుకుంది.

"నాయినా, బస్సులొస్తున్నయ్, జర ఆగు."

బస్సులు వెళ్లిపోయాయి. రోడ్డు ఖాళీ అయినా అది కదల్లేదు. దాని అరచెయ్యి చల్లగా, తడిగా ఉంది. నేనూ కదల్లేదు.