రేపటి బీపీ

ఏవండీ,

టిఫిన్ మూతపెట్టి ఉంచాను. తిన్నాక పక్కనున్న మాత్ర వేసుకోండి. బీపీ మిషన్‌లో కొత్త బ్యాటరీలు వేశాను. పాతవి టీవీ రిమోట్‌లో దొరికాయి. మరి బ్యాటరీలే లేని మిషన్‌తో వారం రోజులుగా నూట ఇరవై, ఎనభై అని పుస్తకంలో ఎలా రాశారు? పైగా రేపటి తేదీకి కూడా ఇవాళే వేసేశారు! మాత్రలు మానొద్దని ఆసుపత్రిలో పేషెంట్లకి రోజంతా గొంతు చించుకునే నర్సుని నేను. నా చెవిలోనే పువ్వులు పెడతారా? ఒళ్ళు మీదండీ, దాన్ని మీరే పట్టించుకోకపోతే నేనెంత అరిచి ఏం లాభం? ఇవాళ చూసుకుని ఎంతుంటే అంతే రాయండి. ఎక్కువుంటే తిట్టను, అబద్ధం రాస్తే మాత్రం ఊరుకోను.

మీరు వేసిన ఆ అంకెలు చూసుకునే ఈ వారమంతా నిశ్చింతగా పడుకున్నాను.