కస్టమర్ హేమశ్రీ గారు

హేమా, నీ స్కూటీ మెట్ల కింద పెట్టాను. ప్లగ్గు మార్చాను, పెట్రోలు పోశాను. తాళం దేవుడి గూట్లో ఉంది. అన్నం తినే డ్యూటీకి వెళ్లు.

నిన్న బండి ఆగితే నాకు కాకుండా కంపెనీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశావు. వాళ్లు ఈ వైపు పంపేది నా టోయింగ్ బండినే అని తెలీదా? "కస్టమర్ హేమశ్రీ గారు, లంకెలపాలెం జంక్షన్" అన్నారు. ఎవరో మేడం అనుకుని పరిగెత్తాను. తీరా చూస్తే మన స్కూటీ! నువ్వేమో తాళం టీకొట్టు గోపీకిచ్చి ఆటో ఎక్కేశావు. వాడు పళ్లికిలిస్తూ, "నాన్నకి సెప్పొద్దని మరీ మరీ సెప్పింది బావా" అన్నాడు. నా తల కొట్టేసినట్టయింది.

సర్వీసు చేయించమని నెత్తీ నోరూ కొట్టుకుంటే వినవు. పోయినసారి రోడ్డు మీద అరిచానని పరువు పోయిందన్నావు. ఊళ్లో ఎవరి బండి ఆగినా నేను కావాలి, ఇంట్లో పిల్లకి మాత్రం అక్కర్లేదు.

రాత్రి కళ్లు మూసుకుని పడుకున్నావు గాని నిద్రపోలేదని తెలుసు. అయినా లేపలేదు. ఆనందపురంలో కారు ఆగిందట, పోతున్నాను.

నాన్న

ఇంకోసారి ఆగితే నాకే ఫోన్ చెయ్యి. రోడ్డు మీద తిట్టను. ఇంటికొచ్చాక తిడతాను.