పడవ తిరిగిన సంగతి

వదిన గారికి నమస్కారం.

వచ్చే ఆదివారం మీ తమ్ముడూ నేనూ మీ ఇంటికి వస్తున్నాం. ఈలోగా మీకో సంగతి చెప్పాలి. ఫోనులో చెబుదామంటే ఆయన పక్కనే ఉంటారు.

చూపు పూర్తిగా పోకముందే సముద్రం మీద సూర్యాస్తమయం చూడాలని ఆయన ముచ్చటపడ్డారు. డాక్టరు ఇంకో ఏడాది పడుతుందన్నాడు కదా అని, ఈ పడమటి తీరానికి వచ్చి, నిన్న సాయంత్రం మా ఇద్దరికే ఒక పడవ మాట్లాడుకుని వెళ్లాం. కొండల పక్కగా పోతుంటే, "అబ్బ, ఎంత ఎరుపో చూడవే!" అని ఒకటే సంబరం.

ఇంతలో పడవవాడు మాకు ఫొటో తీస్తానని ఇంజను ఆపి, తెడ్డుతో పడవను మెల్లగా తిప్పాడు. సూర్యుడు మా వీపు వెనక్కి వెళ్లిపోయాడు. ఎదురుగా నల్లటి కొండరాళ్లు. ఆయన ఆ రాళ్లవైపే మొహం పెట్టి, "ఇదిగో, సగం మునిగాడు!" అన్నారు.

పడవవాడు నావైపు చూశాడు. నేను, "అవునండీ, సగం మునిగాడు" అన్నాను.

ఎన్నాళ్లుగా దాస్తున్నారో తెలియదు. టీ గ్లాసు చేతికే ఇమ్మంటుంటే గారాలు పోతున్నారని విసుక్కున్నాను కూడా.

నాకు తెలిసిపోయిందని ఆయనకు తెలియనివ్వకండి. మీ ముందుగదిలో కుర్చీలు ఎప్పుడూ ఉండేచోటే ఉంచండి. గుమ్మంలో చెప్పులు అడ్డం లేకుండా చూడండి. ఆ సూర్యాస్తమయం గురించి ఆయన తప్పకుండా చెబుతారు. మధ్యలో ఆపకుండా మొత్తం వినండి. నేను చూసినదానికంటే ఆయన చెప్పేదే బాగుంటుంది.

మీ మరదలు