సోమవారమే పెట్టిన సంతకం

గురువారం, రాత్రి

మెకానిక్‌గా మా యార్డులో బళ్ల చెకింగ్ కాగితాల మీద వారానికి సరిపడా సంతకాలు సోమవారమే పెట్టేస్తాను. ఈ దిక్కుమాలిన అలవాటు మొదలుపెట్టింది నేనే. ఇవాళ పొద్దున చేపల వ్యాను కింద దూరి చూస్తే, వెనక చక్రం దగ్గర బ్రేక్ ఆయిల్ కారుతోంది. బండి ఆపమని ఓనరుకి చెప్పాను.

"బ్రేకులు బాగున్నాయని నువ్వే సంతకం ఎట్టీసినావు కదేటి?" అంటూ ఇవాళ్టి కాగితం చూపించాడు.

ఆ మాటలేవీ వినని డ్రైవరు అప్పన్న కాగితం జేబులో పెట్టుకుని, "నువ్వు సూసినావంటే నాకు బెంగ లేదు బావా" అని భావనపాడు రేవుకి బయల్దేరాడు. మెల్లగా వెళ్లమని మాత్రం అనగలిగాను.

సాయంత్రానికే రావాల్సినవాడు. తొమ్మిదైంది, ఫోన్ ఎత్తడం లేదు. రేపటి కాగితం మీద కూడా బండి బాగుందనే నా సంతకం ఉంది.