రెండు బిందెల సినిమా

అమ్మలూ,

మీ కాలేజీ సినిమాకి మొదటి బహుమతి వచ్చిందని తెలిసి మురిసిపోయాం. ఇంటికి రెండు బిందెలే తోడుకుంటూ మా వీధి బావిని ఎలా కాపాడుకుంటున్నామో చక్కగా చూపించావు.

నీళ్ళ ఆఫీసు వాళ్ళూ చూశారట. మాకు రావలసిన కుళాయి లైను పక్క కాలనీకి వేసేశారు. కాళ్ళావేళ్ళా పడితే, "రెండు బిందెలతో నవ్వుతూ సర్దుకుంటున్నారుగా, మీకెందుకమ్మా?" అన్నారు. సినిమాలో నవ్వింది నేనే.

పోయిన నెల బావి ఎండిపోయింది. నిన్నేమీ అనడం లేదు తల్లీ. రెండో భాగం తీయడానికి నలుగురూ వస్తామని రాశావు, రండి. బావి గట్టు అలాగే ఉంది. సిగ్గు విడిచి రాస్తున్నాను, వచ్చేటప్పుడు మీ మంచినీళ్ళు మీరే తెచ్చుకోండి.

నీ పిన్ని