మంచిగనే ఉంది మేడం

మంగళవారం రాత్రి, జూన్ 2009

ఫ్యాక్టరీలో ప్రెస్సు మిషను కింద మా ఆయన కుడిచేతి వేళ్లు నలిగి ఏడాది కావొస్తోంది. పెన్షన్ ఇవ్వాలో వద్దో వచ్చే సోమవారం మెడికల్ బోర్డు తేలుస్తుంది. కాగితాల కోసం ఇవాళ ఇద్దరం నాచారం దవాఖానాకు వెళ్లాం. కేస్ షీటులో ప్రతి తారీఖు కిందా ఒకటే మాట: ఇబ్బంది ఏమీ లేదు.

ఎవరు చెప్పారబ్బా అనుకుంటుంటే డాక్టరమ్మ అడిగింది, "ఎట్లుంది చెయ్యి?"

"మంచిగనే ఉంది మేడం," అన్నాడు ఈయన, లేచి నిలబడి మరీ. అదీ సంగతి! డాక్టరు ముందు బాధలు ఏకరువు పెట్టడం ఆయన దృష్టిలో మర్యాద కాదు.

ఆమె నావైపు తిరిగింది. "ఏమేం పనులు చెయ్యొస్తలేదో నువ్వు చెప్పమ్మా. గదే రాస్త."

చెప్పాను. ఎడమచేత్తో తిననంటాడు కాబట్టి ముద్దలు కలిపి పెట్టేది నేను. చొక్కా గుండీలు పెట్టేది నేను. తాళం తిప్పేది నేను. ఆమె రాస్తూనే ఉంది. ఈయన ఇంకెవరి గురించో విన్నట్టు విన్నాడు. ఉప్పల్ బస్సెక్కాక అడిగాడు, "గివన్నీ నువ్వే జేస్తున్నవా?"

ఇప్పుడు పక్కగదిలో కుడిచేత్తోనే గుండీలు విప్పుకోవాలని చూస్తున్నాడు. రెండు వచ్చాయి. మూడోది జారిపోతోంది. అదీ వచ్చిందంటే సోమవారం బోర్డు ముందు మళ్లీ "మంచిగనే ఉంది" అంటాడు.

రాకపోతే బాగుండునని ఒక్క క్షణం అనుకున్నాను. నేనేనా అలా అనుకున్నది?