పడమటికి లెక్కపెట్టిన అంగారకుడు

ప్రియమైన అత్తయ్యకు,

ఈ ఉత్తరం మీ అబ్బాయికి చూపించకండి. నేను గీసిన పటం ఆఫీసు గోడకెక్కిందని ఆయన కనిపించినవాళ్లకల్లా చెప్పి మురిసిపోతున్నారు. ఆ పటమే నా కొంప ముంచింది.

నా పని మీకు తెలుసు కదా. గ్రహాల పటాల మీద అక్షాంశ రేఖాంశాల గళ్లు గీసి, ప్రతి గీత చివరా అంకె పడేలా కంప్యూటరుకు ప్రోగ్రాం రాస్తాను. ఈసారి అంగారకుడు. నమూనాకి బీరువాలోంచి ఒక పాత పటం తీశాను. అప్పట్లో అంగారకుడి మీద రేఖాంశాలను పడమటికి లెక్కపెట్టేవారు, ఇప్పుడు తూర్పుకి లెక్కపెడతారు. అది తెలిసి కూడా పాతదాన్నే గుడ్డిగా దించేశాను. ముప్పై డిగ్రీల దగ్గర ఉండాల్సిన గొయ్యి దగ్గర మూడువందల ముప్పై అని పడింది. రెండువందల ప్రతులు అచ్చయి, చుట్టలు చుట్టి ఉన్నాయి. వచ్చే వారం బడులకూ లైబ్రరీలకూ వెళ్లిపోతాయి.

మూడు రోజులుగా ఎవరూ కనిపెట్టలేదు. మా సారు వచ్చినవాళ్లందరికీ చూపించి "మా అమ్మాయి గీసింది" అంటుంటే నాకు తల కొట్టేసినట్టవుతోంది. చెప్పే ధైర్యం లేదు. సోమవారం ఉద్యోగం మానేస్తానని రాసిచ్చి వచ్చేస్తాను. మీరైనా నన్ను తిట్టకండి.

మీ కోడలు

అత్తయ్యా,

"మానేసేది తర్వాత చూద్దువుగాని, ముందు నోరు విప్పి చెప్పి చావు!" అని ఫోనులో కసిరారు చూడండి, ఆ ఊపులోనే సారు గదిలోకి వెళ్లి అంతా చెప్పేశాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని పటం దగ్గరికి వెళ్లి చూశారు. "మూడు రోజులుగా నేనూ పట్టుకోలేదంటే, అమ్మాయ్, ఇద్దరం కలిసే మానేద్దాం!" అని పగలబడి నవ్వారు. తర్వాత ఎవరికో ఫోను చేశారు.

గంటలో ఒక మామ్మగారు వచ్చారు. నలభై ఏళ్లు టెలిస్కోపు ముందు కూర్చుని అంగారకుడి బొమ్మలు గీసిన మనిషి. ఆవిడ నోటుబుక్కుల నిండా పడమటి లెక్కే. తూర్పు లెక్క పటాల్లో ఏది వెతకాలన్నా మూడువందల అరవైలోంచి తీసివేస్తూ కూర్చోవాలి. ఆవిడ ఒక పుస్తకం తెరిచి, అంకె చూసి, పటం మీద వేలు పెట్టారు. "ఇదిగో నా గొయ్యి! ఒక్క దెబ్బకి దొరికిందర్రా!" అని చిన్నపిల్లలా కేక పెట్టారు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

అచ్చయిన ప్రతులు పారేయడం లేదు. నల్ల అంకెలు అలాగే ఉంచి, పక్కనే ఎర్రగా తూర్పు లెక్క వేస్తాం. మీ అబ్బాయికి నేనే చెప్పాను. "నాకు చెప్పకుండా ఎలా ఉండగలిగావ్?" అని ఒక పూట అలిగి, మళ్లీ ఆయనే పలకరించారు.

ఇకనుంచి ఏ గ్రహం పటమైనా రేఖాంశానికి రెండేసి అంకెలు వేయాలని సారు అన్నారు. పని రెట్టింపయింది, అత్తయ్యా. నాకేమో ఎగిరి గంతేయాలనుంది.

మీ కోడలు